ఎల్సియక్క తాగిన నీళ్ళు

ఎవరే ఆ కూల్‌డ్రింక్ సీసా తెచ్చింది? నువ్వేనా సెల్వీ? నీ కాలేజీ పిల్లలు వస్తే నీళ్ళియ్యి, మజ్జిగియ్యి, చుక్క టీ పెట్టు. ఆ సీసా మాత్రం నా వాకిట్లో ఎవరి చేతికీ ఇయ్యవద్దు. లేదే, షుగర్ కోసం కాదు చెప్పేది. ఆ కంపెనీ ఏ దేశందో, ఏ ఊరి నీళ్ళు పీల్చి సీసాలో పోస్తుందో, అదంతా నువ్వు నిన్ననే చెప్పినావు, మీటింగులో నిలబడినట్టు చెయ్యెత్తి మరీ చెప్పినావు. అదీ కాదు. నా కత వేరే. ఇట్ల రా, గోడ నీడకు కూర్చో. ఆ సెల్లు పక్కన పెట్టుకో, రికార్డు చేసుకుంటే చేసుకో, నాకేం. మీ తాత పెరుమాళ్సామి ఉండి ఉంటే వాడే చెప్పుండును. నాకు తమ్ముడే గాని నాకంటే బాగా చెప్పును వాడు. కాని వాడికి సగమే తెలుసు. మిగతా సగం నా ఒక్కదానికే తెలుసు, యాభై ఏండ్లకు పైగా.

ఎల్సియక్క అని ఒకామె ఉండె. పూర్తి పేరు పొడుగ్గా ఉండె, మా నోటికి తిరగలేదు. డెన్మార్కు పిల్ల. డెన్మార్కు ఎక్కడే అని మేమడిగితే మా పక్కింటి గాంధిమతి, పుట్టినప్పటినుంచి పక్కనున్న సాత్తూరు దాటని మనిషి, "వెన్న ఎక్కువ దొరికే దేశం, ఆ రంగు చూస్తే తెలియలేదా మీకు" అనె. ఇరవై మూడేండ్లు ఆయక్కకు. నాకు పంతొమ్మిది. జుట్టు మొక్కజొన్న పీచులాగ ఉండె. మన ఎండకు ముక్కు మీద తోలు ఊడి ఊడి ఎప్పుడూ ఎర్రగా ఉండును. సైకిలు తొక్కుకుంటా వచ్చును చూడు, అంగళ్ళలో తూకం వేసేవాళ్ళు తక్కెడ పట్టుకొని అట్లే నిలబడి చూసిరి. ఆడమనిషి సైకిలెక్కడం కోవిల్‌పట్టిలో అప్పటిదాకా ఎవరు చూసినారు? మిషను బంగళాలో పెద్ద దొరసాని ఉండె, ముప్పై ఏండ్లుగా ఇక్కడే ఉన్నామె. ఆమె కింద పని నేర్చుకోను పంపిరి ఈయక్కను. దేవుని పని. ఏం, మూతి తిప్పుతావు? మతం మార్చను వచ్చింది అంటావు, అంతే కదా? మమ్మల్ని మార్చే పని ఆయక్కకు లేదే తల్లీ. మా తాత కాలంలోనే మారితిమి. గుడి మారె, గుడిలో వెనక బెంచీ మారలేదు. ఆ కతకు తర్వాత వస్తా, నడుమ నడుమ అడ్డం రావద్దు.

బంగళాకు ఒక పంతులు వచ్చి ఆయక్కకు తమిళం నేర్పె. ఆరు నెలల్లో పుస్తకం చదివినట్టు మాట్లాడె. ఆ తర్వాత మన వీధికి వచ్చి చూస్తే ఇండ్లలో మాట వేరే. "ఇది ఏ భాష?" "తెలుగమ్మా." "నాకు నేర్పండి." పెద్ద దొరసాని నవ్వెనంట, "ఆ వీధివాళ్ళ ఇంటి మాట నీకెందుకు, తమిళం వస్తే గుడికి చాలు" అని. ఈయక్క ఏమనెనో తెలుసా? "వాళ్ళు దేవునితో తెలుగులో మాట్లాడి, నాతో మాత్రం తమిళంలో మాట్లాడితే, నేను గుమ్మం బయట నిలబడినట్టే కదా" అనె. అని ఊరుకోలేదు. మేము పనిచేసే, అగ్గిపెట్టెలు చేసే ఆపీసుకే వచ్చి కూర్చుండె. నాది సట్టం పేర్చే పని. సట్టం అంటే చెక్క చట్రం సెల్వీ, దాని గాడుల్లో ఒక్కొక్క పుల్లగా నిలబెట్టి బిగించాలి, తర్వాత దాన్ని మందులో ముంచుతారు. మేము పది సట్టాలు పేర్చేలోపు ఆయక్క ఒకటి పేర్చును, అదీ వంకర. వేళ్ళు చీరుకుపోయి నెత్తురు కారును. మేస్త్రీకి కడుపు మంట, తెల్లామెను తిట్టలేడు కదా, మమ్మల్ని తిట్టును. "ఏ, ఆమెను చూసి నవ్వుతా కూర్చుంటే పుల్లలు వాటంతటవే లేచి నిలబడతాయా?" పుల్లలు పేరుస్తా మేము మాట్లాడుకొనేది విని విని ఆయక్క తెలుగు నేర్చె. మా తెలుగే వచ్చె, దానితోపాటు మా తిట్లూ వచ్చె. ఒకనాడు సైకిలు చెయిన్ ఊడితే గాంధిమతి తన అత్తను తిట్టే తిట్టు ఒకటి పట్టుకొని చెయిన్‌ను తిట్టె. ఆపీసంతా నవ్వె. అర్థం చెప్పినాక ముఖం మందారం మాదిరి ఎర్రబడిపోయె, అక్కడే మోకాళ్ళు వేసి దేవుణ్ణి క్షమించమని అడిగె. అట్లాంటి పిల్ల.

చిన్న నోటుపుస్తకం ఒకటి ఉండె ఆయక్క దగ్గర. ప్రతి ఇంటికీ పోయి, "మీకోసం దేవుణ్ణి ఏమడగాలి?" అని అడిగి అందులో రాసుకొనును. మనవాళ్ళు ఊరుకుంటారా? ఒకరు కోడి గుడ్లు పెట్టాలనె. ఒకరు మొగుడు తాగడం మానాలనె, ఆ మొగుడు పక్కనే కూర్చొని, నాకు పనికి పోయే దారిలో సారాయంగడి రాకుండా చెయ్యమనె. గాంధిమతి మాత్రం, "మా మేస్త్రీ కాలు విరగాలి, రాసుకో అక్కా" అనె. ఆయక్క పెన్సిలు కింద పెట్టె. తర్వాత కండ్లు మూసి, "ప్రభువా, గాంధిమతికి ఏం కావాలో నీకు తెలుసు, ఎందుకు కావాలో కూడా నీకు తెలుసు" అనె. అది విని గాంధిమతి ఏడ్చె సెల్వీ. నవ్వించను చెప్పిన మనిషి ఏడ్చె. నీ పుస్తకాల్లో దీనికి ఏం పేరు పెట్టినారో నాకు తెలియదు. మేస్త్రీ కాలు బాగానే ఉండె, అది వేరే సంగతి.

నాకు చదువు రాదని ఒకనాడు ఆయక్కకు తెలిసె. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకొని పాడుతా ఉంటిని గుడిలో, పాటలన్నీ నోటికి వచ్చునే, పుస్తకం ఎట్ల పట్టుకుంటే ఏం? ఆయక్క అది చూసె. మర్నాడు ఆపీసులో అన్నం తినేటప్పుడు, విరిగిన పుల్లలు ఏరి నేల మీద పెట్టి ఒక తమిళ అక్షరం చేసె. "ఇది నీ ఊరిలో మొదటి అక్షరం" అనె. పుల్లలతో కట్టిన అక్షరం. నేను ముట్టుకొని చూస్తిని. రోజుకు ఒకటి. కొన్ని అక్షరాలు వంపు తిరిగి ఉండును కదా, పుల్ల వంగదు, దానికి ఆయక్క పుల్లల్ని నానబెట్టి తెచ్చును. నాకు, ఒక సక్కిలి వీధి ఆడదానికి, అక్షరం వంగను పుల్లలు నానబెట్టి తెచ్చె! ఆ కులం పేరు చెప్పవద్దు అంటావు, నిజమే, ఇప్పుడు అరుంధతియర్ అని బోర్డు రాసినారు, మంచిదే. అప్పుడు మమ్మల్ని పిలిచింది ఆ పేరుతోనే. పిలిచినవాడికి సిగ్గు ఉండాలి, నాకెందుకు?

ఇప్పుడు ఆ సీసా సంగతి చెప్తా. మన వీధికి పెద్ద జాతివాళ్ళు ఎవరైనా పనిమీద వస్తే, అమ్మవారు పోయకుండా సూదివేసేవాడు, ఓటు అడిగేవాడు, ఆపీసులో లెక్కలు రాసే కణక్కుపిళ్ళె, ఎవరైనా సరే, మన ఇంట్లో నీళ్ళు తాగరు. మన కడవ, మన చెంబు, మన చెయ్యి, ఏదీ పనికిరాదు. కాని ఎండలో వచ్చిన మనిషికి ఏమీ ఇయ్యకుండా పంపను మనకు మనసు రాదు కదా. దానికొక ఏర్పాటు ఉండె. వీధి మొగలో సుడలైమాడన్ సోడా అంగడి. అతను మనవాడు కాదు. వాడే ఒక కలర్ సోడా తీసుకొచ్చి, వాడే గోలీ నొక్కి, వాడి చేత్తోనే వచ్చినవాడికి అందించును. మేము దూరంగా నిలబడి, "తాగండి సామీ" అందుము. మనం ఇచ్చినట్టూ అయ్యె, వాళ్ళు ముట్టనట్టూ అయ్యె. ఎవరు కనిపెట్టినారో ఆ తెలివి! ఎల్సియక్క మొదటిసారి వచ్చినప్పుడు, తెల్లామె, బంగళా మనిషి, మనకు వేరే ఏం తోచును? సుడలైమాడన్‌ను పిలిస్తిమి. వాడు ఎర్ర సోడా తెచ్చి టప్పని నొక్కి ఇచ్చె. ఆయక్క తాగె. సంతోషపడె. అది మన వీధి మర్యాద అనుకుండె! ప్రతి ఇంటిలోనూ అదే. రోజుకు మూడు, నాలుగు. వద్దంటే మనం నొచ్చుకుంటామని తాగును. కడుపులో గాలి చేరి ప్రార్థన నడుమ త్రేన్పులు వచ్చును. "పరలోకమందున్న మా తండ్రీ" అని, ఒక త్రేన్పు, "క్షమించండి" అని మళ్ళీ మొదటినుంచి. పిల్లలు నోరు మూసుకొని నవ్వుదురు. వాళ్ళమ్మకు జాబు కూడా రాసెనంట, ఈ వీధివాళ్ళు చాలా పేదవాళ్ళు గాని నేను పోతే తియ్యని నీళ్ళు కొని ఇస్తారు, ఇంత గౌరవం నాకెక్కడా జరగలేదు అని. అది నాకు చదివి వినిపించె. నేను తల వంచుకొని వింటిని.

అవును, ఎందుకు చెప్పలేదంటే... ఇది నువ్వు రాసుకో. భయపడి కాదు. ఆయక్క ఎట్లాంటిదో నాకు తెలుసు. సంగతి తెలిసిన మరుక్షణం మన నీళ్ళు అడుగుతుంది. తాగుతుంది. తాగితే ఊరి గుడివాళ్ళు ఊరుకోరు. ఆ గుడిలో ప్రభువు భోజనమని ద్రాక్షరసం ఇచ్చే గిన్నె ఒకటే, అందరి పెదవికీ తాకేది. ముందు పెద్ద జాతివాళ్ళు, చివర మేము. మా తర్వాత ఆ గిన్నె ఇంకెవరి నోటికీ పోనక్కరలేదు కదా, దానికే చివర. ఎల్సియక్క ముందు బెంచీ. మన కడవ తాకిన నోరు ఆ గిన్నెను ముందుగా తాకితే? పంపేస్తారు ఆయక్కను. నాకు అప్పటికి అక్షరాలు సగమే వచ్చినాయి. ఇంకొక మూడు నెలలు ఆ సోడా తాగనీ, నా చదువు ముగియనీ అనుకుంటిని. నన్ను ఏమన్నా అను. నా స్వార్థం అది. దేవుని పేరు చెప్పి కూర్చొనే మనిషికి అవమానాన్ని రోజూ సీసాలో పోసి తాగిస్తా, నేను అక్షరాలు నేర్చుకుంటా ఉంటిని.

చిత్తిరై నెల, ముదిరిన ఎండలు. ఆ యేడు వానల్లేవు. ఎల్సియక్క కళుగుమలై పక్క ఊర్లకు పోయి, మధ్యాహ్నం ఎండలో సైకిలు తొక్కుకుంటా తిరిగి వచ్చె. బంగళా దాకా పోలేక మన వీధిలోనే దిగె. పెదవులు పగిలిపోయి, మాట రాక, మా ఇంటి ముందు అరుగు మీద కూలబడె. చూస్తే సుడలైమాడన్ అంగడి మూసి ఉండె, కులదేవుని కొడ పండగకని ఊరికి పోయినాడు. వీధంతా కంగారు. "బస్టాండుకు పరుగెత్తండి, అక్కడ సోడా దొరుకును" అని ఒకరు. ఆయక్క చేత్తో మా వాకిట్లో కడవ చూపించె. "నీళ్ళు." ఎవరూ కదల్లేదు. "నీళ్ళు ఇవ్వండి" అని మళ్ళీ అనె. గాంధిమతి "ఉప్పునీళ్ళక్కా" అనె. ఇంకొకామె "పురుగులున్నాయి" అనె. ఆయక్క ఒక్కొక్కరి ముఖం చూసె. మా అమ్మ మారియమ్మాళ్ గుమ్మంలో నిలబడి ఉండె. ఆమె నోరు తెరవబోతుంటే నేను చెయ్యి గిల్లితిని, చెప్పవద్దమ్మా అని. గట్టిగానే గిల్లితిని. అమ్మ నా చెయ్యి విదిలించి చెప్పె. "అమ్మా, ఆ సోడా మర్యాద కాదు. మా నీళ్ళు ముట్టనివాళ్ళకు ఇచ్చేది అది. నువ్వూ ముట్టవనుకొని ఇచ్చితిమి."

ఆయక్క ముఖం చూడాల్సింది నువ్వు. కోపం రాలేదు, ఏడుపు రాలేదు. ఎవరో పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసినట్టు చూసె. లేచి నిలబడి, "ఇప్పుడు ఇవ్వమ్మా" అని రెండు చేతులూ చాపె. వీధిలో ఎవరైనా ఏం చేసి ఉందురు? పరుగెత్తి ముంచి ఇచ్చి ఉందురు. మా అమ్మ ఇయ్యలేదు. "ఈ రోజు వద్దు" అనె. అందరమూ బిత్తరపోతిమి. అమ్మ చెప్పె: "దాహంతో తాగేది లెక్కలోకి రాదమ్మా. దాహమైతే ఎవరైనా తాగుతారు. పోయిన యేడు పెద్ద వీధి ఆయన ఒకడు మన పొలం గట్టున ఎండకు పడిపోయి, నా చేతి నీళ్ళే తాగె. ప్రాణం వచ్చినంక నోరు కడుక్కొనె. ఇప్పుడు ఎదురొస్తే నన్ను ఎరగడు. నువ్వు మీ ఇంటికి పో. కడుపునిండా తాగు. ఆలోచించు. దాహం లేని నాడు రా. అప్పుడూ కావాలంటే ఇస్తా." నేను అమ్మను కొట్టేదాన్ని సెల్వీ, అంత కోపం నాకు. మనిషి చచ్చేట్టుంది, ఈమె పరీక్ష పెడుతుంది! ఎల్సియక్క అమ్మను చూసి, తల వంచి దండం పెట్టె. తెల్లామె, చదువుకున్నామె, మలం బుట్ట మోసిన ఒక ఆడదానికి, గుడిలో దేవునికి వంచినట్టు తల వంచె. ఆ ఎండలోనే, ఆ నోటితోనే సైకిలెక్కి పోయె. సైకిలు అటూ ఇటూ ఊగుతా పోతుండె. ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది, చూడు చెయ్యి. ఎవరిని చూసి అని అడగవద్దు. ఇద్దరినీ చూసే.

రెండు రోజులకు ఆదివారం. గుడి ముగిసె. ముందు బెంచీలో కూర్చొని, గిన్నె తాగి, ఎల్సియక్క తెల్ల గౌనుతోనే అందరి కండ్ల ముందర నడిచి, సైకిలు కూడా లేకుండా నడిచి, మన వీధికి వచ్చె. గుడిపెద్ద తంగసామి అయ్యా, ఇంకొక నలుగురు, వెనకే వచ్చి వీధి మొగలో నిలబడిరి, లోపలికి రాలేదు. ఎల్సియక్క మా వాకిట్లో నిలబడి, మన తెలుగులో, "మారియమ్మా, బంగళాలో మూడు గ్లాసులు తాగి వచ్చినాను. దాహం లేదు. ఇప్పుడు ఇవ్వు" అనె. అమ్మ చింతపండేసి తోమిన చెంబు, ముందే తోమి పెట్టి ఉండె, అంటే వస్తుందని అమ్మకు తెలుసు, దానితో ముంచి అందించె. ఎత్తిపోసుకోలేదు ఆయక్క. చెంబుకు పెదవి ఆనించి తాగె. గొంతు కదిలేది అందరమూ చూస్తా ఉంటిమి. చెంబు ఖాళీ చేసి ఇంకొకటి అడిగె. అమ్మ, "చాలమ్మా, ఉప్పునీళ్ళు, కడుపు నొప్పి వస్తుంది" అనె. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పాట పాడలేదు. ఒక ముసలామె ఏమీ తోచక ఇంట్లోకి పోయి తలుపు వేసుకుండె. అంతే జరిగింది.

ఏమిటి? ఒక తెల్లామె నీళ్ళు తాగితే మీ బానిసత్వం తీరిందా అంటావా? దయ వద్దు హక్కు కావాలి అంటావు, గోడ మీద రాసినట్టు ఎంత బాగా అంటావే! తీరలేదు. పై ఆదివారం కూడా వెనక బెంచీయే. తీరిందని నేను చెప్పినానా? ఆయక్క ఆ చెంబు కడవకు పక్కన పెట్టి, ఆ తర్వాత రోజూ వచ్చి తాగిపోయె, మూడు వారాలు. అది చెప్తున్నా. తంగసామి అయ్యా బంగళాకు పోయి ఎంతో మర్యాదగా మాట్లాడెనంట. "అమ్మా, మీరు చిన్నపిల్ల. యేసు అందరికీ ఒకటే, మేము కాదనం. కాని ఊరి కట్టుబాటు ఒకటి ఉంది కదా, గుడి చీలిపోకూడదు కదా." ఆయన గొంతు అట్లే ఉండును, నెయ్యి కరిగించినట్టు. పెద్ద దొరసాని కారులో ఎక్కించుకొని తానే తీసుకపోయి ఎల్సియక్కను విరుదునగర్ బంగళాలో దించి వచ్చె. నాకు 'మ' దాకా వచ్చి ఉండె. ఇప్పటికీ అంతే. మదురై బస్సు వస్తే మ చదువుతా, దు చదువుతా, తర్వాత పక్కవాళ్ళను అడుగుతా. నవ్వకే. అమ్మతో నెల రోజులు నేను మాట్లాడలేదు.

నెల దాటినాక కబురు వచ్చె, ఎల్సియక్కకు కామెర్లు అని. కామెర్లు దేనినుంచి వస్తాయో ఊర్లో అందరికీ తెలుసు. ఆ యేడు మన వీధిలోనే ముగ్గురికి వచ్చి ఉండె. మన బావి అప్పుడు ఎక్కడ ఉండెనో తెలుసా నీకు? ఊరి పశువులు కడిగే గుంట పక్కన. ఊర్లో నాలుగు మంచి బావులు, మనకు అది. ఊరంతా ఒకే మాట: "ఆ వీధి నీళ్ళు తాగె, అనుభవిస్తా ఉంది."  అమ్మ పొద్దున లేచి నేల ఉసిరి వేర్లతో పీకి, నూరి, ముద్ద చేసి ఆకులో కట్టి నా చేతికిచ్చె. "విరుదునగర్ పో. మజ్జిగలో కలిపి ఇయ్యి. దేనినుంచి వచ్చిందో అడిగి రా." అట్ల చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు.

పోతిని. వంటామె లోపలికి వద్దనె. లోపలినుంచి ఎల్సియక్క నా గొంతు విని, "పొన్నుత్తాయిని రానీ" అని అరిచె. ఎంత చిన్న అరుపు! కండ్లు పసుపు, గోళ్ళు పసుపు, ఆ మొక్కజొన్న జుట్టూ ముఖమూ ఒకే రంగు. నన్ను చూసి నవ్వె. మందు తాగె, కక్కె, మళ్ళీ తాగె. అప్పుడే కోవిల్‌పట్టినుంచి కారు వచ్చె. పెద్ద దొరసాని, తంగసామి అయ్యా. నేను మూలకు పోయి నిలబడితిని. తంగసామి అయ్యా మంచం పక్కన కుర్చీ వేసుకొని, అదే నెయ్యి గొంతుతో, "అమ్మా, ఒక్క మాట. ఆ వీధి నీళ్ళవల్లే అని మీరు చెప్తే చాలు. ఆ వీధి పిల్లలు ఏడుగురు మన మిషను బోర్డింగు బడిలో ఉన్నారు, ఈ రోగం అందరికీ అంటుకుంటుంది, వాళ్ళను ఇంటికి పంపేయాలి, ఇంక చేర్చకూడదు. కాగితం రాసి తెచ్చినా" అనె. ఆ ఏడుగురిలో మీ తాత ఒకడు సెల్వీ. ఎనిమిదేండ్ల పిల్లవాడు. వాడు ఆ రోజు ఇంటికి వచ్చి ఉంటే పుల్లలు పేరుస్తా ఉండును, నువ్వు ఈ రోజు లా చదువుతా ఉండవు.

ఎల్సియక్క కండ్లు మూసుకుండె. ప్రార్థన చేస్తుందనుకుంటిని. తర్వాత కండ్లు తెరిచి తమిళంలో, అందరికీ వినబడేట్టు, "వచ్చిన రోజు విరుదునగర్ స్టేషన్ కొళాయిలో తాగినాను. ఆ నీళ్ళు. వేరే ఏ నీళ్ళూ కాదు" అనె. సెల్వీ, ఆయక్క రైలెక్కనే లేదు. కారులో తెచ్చి దించింది ఎవరు? ఆ ఎదురుగా నిలబడిన పెద్ద దొరసానే. స్టేషన్ ఎక్కడుంది, కొళాయి ఎక్కడుంది! చెయిన్‌ను తిట్టినందుకు మోకాళ్ళు వేసిన పిల్ల, చావు మంచంలో, చేతి కింద బైబిలు పెట్టుకొని అబద్ధం చెప్పె. పెద్ద దొరసాని కిటికీ వైపు తిరిగి నిలబడె, నోరు తెరవలేదు. తంగసామి అయ్యా ఆమెను చూసె, మంచాన్ని చూసె, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుండె. నేను గుడికి ఇన్నేండ్లు పోతున్నా, ఎన్ని ప్రసంగాలు విన్నా. దేవుడు ఒక గదిలో ఉన్నాడని నాకు తెలిసింది ఆ ఒక్కసారే. అబద్ధం చెప్పిన గదిలో. దీనికి నువ్వు ఏమనుకున్నా సరే.

మూడో రోజు పోయె ఆయక్క. విరుదునగర్‌లోనే పూడ్చిరి.

మన నీళ్ళేనా అంటే, నేను అవుననను, కాదనను. అవునే, నువ్వు చెప్పేది నిజమే, ఆ బావిని మనకు విడిచినవాళ్ళే ఆమెను చంపినారు. నీ మాట తప్పని నేననను. కాని ఆ మాట మా అమ్మకు పనికిరాదు కదా. చెంబు అందించింది ఆమె చెయ్యి. ఇంటికి వచ్చిన వెంటనే అమ్మ అడిగె, "దేనినుంచి?" "స్టేషన్ కొళాయి నీళ్ళనుంచి, ఆయక్కే చెప్పె" అంటిని. అమ్మ అరుగు మీద కూర్చొని, తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకొనె. తర్వాత ముప్పై ఏండ్లకు పైగా బ్రతికె. వాకిట్లోకి వచ్చిన ప్రతి మనిషికీ పేరు అడగకముందే నీళ్ళిచ్చె. పోయేముందు ఒకనాడు, మాట తడబడుతా ఉండె అప్పటికే, నా చెయ్యి పట్టుకొని, "పొన్నూ, నిజం చెప్పు. ఆ పిల్ల కొళాయిలో తాగేది నువ్వు కండ్లారా చూసినావా?" అనె.

"చూస్తినమ్మా" అంటిని. "కొళాయి తిప్పింది నేనే" అంటిని.

...

ఆపు దాన్ని. ఆపే, చాలు. పంపులో గాలి కొడతా ఉంది, వినలేదా? పది రోజులకు ఒకసారి నీళ్ళు వదిలేది, అదీ అరగంట. లే, బిందెలు వరుస పెట్టు పో.